భాషా సబ్జెక్టుల అసైన్‌మెంట్లు: సాయం ఎంతవరకు, కాపీ ఎక్కడి నుంచి?

గుండ్లకమ్మ (డిగ్రీ రెండో సంవత్సరం, ఒంగోలు)

అందరికీ నమస్కారం. ఇంటర్ వరకు నాది తెలుగు మాధ్యమం. ఇంగ్లీషు పేపరు ఇంటర్నల్ మార్కుల కోసం 'మా ఊరి నీటి కష్టాలు' అనే అంశం మీద వ్యాసం రాసుకుని రమ్మన్నారు. మాది కనిగిరి వైపు పల్లె. ఫ్లోరైడ్ నీళ్ల గురించి నాకు ఒకరు చెప్పాల్సిన అవసరం లేదు, మా ఇంట్లో పెద్దవాళ్ల కీళ్లను చూస్తూ పెరిగాను. ముందు నోటు పుస్తకంలో తెలుగులో రాసుకున్నాను. తర్వాత ఒక్కో వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చుకున్నాను. తెలియని మాటలకు నిఘంటువు చూశాను. మా మేడమ్ దాన్ని ఏదో వెబ్‌సైటులో పెట్టి చూసి 'ఇది కృత్రిమ మేధ రాసింది, నువ్వు రాసింది కాదు' అని సున్నా వేశారు.

మా తరగతిలో ఫోనుతో రాయించుకుని, అనుమానం రాకుండా కావాలని రెండు తప్పులు చేర్చినవాళ్లకు మంచి మార్కులు వచ్చాయి. వాళ్ల మీద ఫిర్యాదు చేయాలని ఇక్కడికి రాలేదు. నేను రాసింది నాదేనని ఎలా నిరూపించుకోవాలి? తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాయడం కూడా తప్పేనా? నిఘంటువు చూడవచ్చు కానీ అనువాదం చూడకూడదు అంటున్నారు. ఈ రెంటికీ మధ్య హద్దు ఎక్కడ ఉందో ఎవరైనా చెప్పండి.

పెన్నా తీరం (విశ్రాంత ఇంగ్లీషు అధ్యాపకుడు, నెల్లూరు)

అమ్మా, తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాయడం తప్పు కాదు. మన రెండు జిల్లాల్లో ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్లలో నూటికి తొంభై మంది ఆ దారినే వచ్చారు. తెలుగు చిత్తుప్రతి ఉందన్నావు కదా, అది నీ చేతిలో ఉన్న గట్టి సాక్ష్యం. కొట్టివేతలతో సహా తీసుకువెళ్లి మేడమ్ గారికి చూపించు. 'నన్ను మీ ఎదుటే ప్రశ్నించండి' అని మర్యాదగా కోరు. రెండో పేరాలో ఈ మాట ఎందుకు వాడావు, ఈ వాక్యాన్ని మరోలా చెప్పు అని అడిగితే సొంతంగా రాసినవాళ్లు తడుముకుంటూనైనా చెబుతారు. రాయించుకున్నవాళ్లు ఎక్కువ సేపు నిలబడలేరు.

ఆ వెబ్‌సైటు సంగతి కాస్త వివరంగా రాస్తాను, ఈ చర్చను అధ్యాపకులు కూడా చదువుతారు కాబట్టి. ఇలాంటి పరికరాలు చాలా వరకు చూసేది ఒక మాట తర్వాత వచ్చే మాటను ఎంత తేలికగా ఊహించవచ్చు అన్నది. తేలికగా ఊహించగలిగితే యంత్రం రాసిందని తీర్పు ఇస్తాయి. కొత్తగా ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలు తమకు తెలిసిన కొద్దిపాటి మాటలతో, తరగతిలో చెప్పించిన వాక్యాల తీరులోనే రాస్తారు. కాబట్టి నిజాయితీగా కష్టపడినవాళ్లే ముందుగా దొరికిపోతారు. 2023లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లీషు ప్రావీణ్య పరీక్షకు రాసిన 91 వ్యాసాలను ఏడు పరికరాలకు ఇచ్చారు. సగటున సగానికి పైగా వ్యాసాలు యంత్రం రాసినవేనని అవి తప్పుగా తేల్చాయి. అమెరికా బడి పిల్లల వ్యాసాల దగ్గర మాత్రం దాదాపు పొరపాటే లేదు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థ తానే విడుదల చేసిన ఇటువంటి పరికరాన్ని, కచ్చితత్వం తక్కువగా ఉందంటూ, 2023 జులైలో ఉపసంహరించుకుంది. చేసినవాళ్లే పక్కన పెట్టిన పనిముట్టు లాంటిదాన్ని నమ్ముకుని పల్లె నుంచి వచ్చిన పిల్లకు సున్నా వేయడం అన్యాయం. ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

హద్దు గురించి అడిగావు. చరిత్ర పేపరుకు రాసిన వ్యాసంలో నీ ఇంగ్లీషును ఎవరైనా సరిదిద్దితే, అక్కడ పరీక్షిస్తున్న విషయానికి పెద్దగా నష్టం లేదు. భాషా పేపరులో వాక్యమే పరీక్ష. నిఘంటువు నీకు మాటను ఇస్తుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో, క్రియ ఏ కాలంలో ఉండాలో నువ్వే తేల్చుకోవాలి. అనువాద యంత్రం ఆ తేల్చుకునే పనిని నీ దగ్గర నుంచి తీసేసుకుంటుంది. ఇంకొకరు తేల్చిన వాక్యానికి నీ పేరు పెడితే అక్కడి నుంచి కాపీ.

బిట్రగుంట బండి (బీఎస్సీ విద్యార్థి)

సార్, మీరు చెప్పింది వినడానికి బాగుంది. మా వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. ఉదయం రైలు పట్టుకుని నెల్లూరు వస్తాం, సాయంత్రం మళ్లీ రైలు. గ్రూపు సబ్జెక్టుల రికార్డులకే సమయం చాలదు. భాషా పేపర్లలో ఏటా అవే ప్రశ్నలు తిప్పి తిప్పి అడుగుతారు. గైడులో ముఖ్యమైన పది ప్రశ్నలు బట్టీ పడితే గట్టెక్కవచ్చు. ఇంటర్‌లో చాలామంది సంస్కృతం ఎందుకు తీసుకున్నారో అందరికీ తెలుసు, మార్కుల కోసం. అప్పుడు ఇంట్లోవాళ్లు, కాలేజీవాళ్లు అందరూ అదే చేయమన్నారు. డిగ్రీకి వచ్చాక ఒక్కసారిగా భాషను ప్రేమించండి, సొంతంగా రాయండి అంటే ఎలా? ప్రశ్న మార్చకుండా జవాబు మాత్రం సొంతంగా ఉండాలనడం న్యాయమా?

కావలి తెలుగు (డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు)

నాయనా, నీ చివరి ప్రశ్నకు నేను అధ్యాపకుల తరఫున జవాబు చెబుతాను. న్యాయం కాదు. ఎవరైనా ఎప్పుడో జవాబు రాసి పెట్టిన ప్రశ్నను ఇస్తే పిల్లలు ఆ జవాబునే తెస్తారు. 'తిక్కన కవిత్వ విశిష్టతను వివరించుము' అని ఇస్తే తరగతి మొత్తం నాటకీయత గురించి అవే మాటలతో రాసుకొస్తుంది. గైడులో అచ్చుతప్పు ఉంటే ఆ అచ్చుతప్పు కూడా అన్ని కాగితాల్లో కనిపిస్తుంది.

పరీక్ష ఎలా పెట్టాలో మన భాషకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. అవధానం ఉంది. పృచ్ఛకుడు అక్కడికక్కడ సమస్య ఇస్తాడు, నాలుగు పదాలు ఇచ్చి దత్తపది అడుగుతాడు, నిషిద్ధాక్షరిలో అక్షరం అక్షరానికీ అడ్డుపడతాడు. ముందుగా రాసుకొచ్చిన పద్యం అక్కడ పనికిరాదు, పైగా సభంతా చూస్తూ ఉంటుంది. నేను దత్తపదిని వచనానికి మార్చుకుని తరగతిలో వాడుతున్నాను. బల్ల మీద నాలుగు మాటలు రాస్తాను. ఒకసారి చెలమ, రసీదు, మేనమామ, గొడుగు అని ఇచ్చాను. ఈ నాలుగూ వచ్చేలా పది వాక్యాలు గంటలోపు తరగతిలోనే రాయాలి. ఫోన్లు బల్ల మీద బోర్లా పెట్టాలి. మొదట్లో పిల్లలు బిక్కమొహం వేస్తారు. తర్వాత వాళ్లే 'మేడమ్, ఈసారి మేము ఇస్తాం మాటలు' అంటారు. ఛందస్సు రాకపోయినా ఫరవాలేదు, ఆ పది వాక్యాలు ఆ పిల్లవాడివే.

ఇంటికి ఇచ్చే పనిని కూడా అలాగే మార్చాను. 'రొట్టెల పండుగ ప్రాశస్త్యం' అని ఇస్తే నెల్లూరు బారాషహీద్ దర్గా, స్వర్ణాల చెరువు, మొహర్రం నెల అంటూ అంతర్జాలంలో ఉన్న పేరానే తిరిగి వస్తుంది. ఇప్పుడు అలా అడగను. చెరువులో దిగి, తన కోరికను బట్టి విద్యా రొట్టెనో ఉద్యోగ రొట్టెనో పట్టుకున్న ఒక్క మనిషితో మాట్లాడి, ఆ మనిషి అన్న మాటలు అన్నట్టుగా రాసుకుని రమ్మంటాను. కోరిక తీరాక మళ్లీ వచ్చి రొట్టె వదిలారా, ఎవరి చేతికి ఇచ్చారు, ఏమని ఇచ్చారు? ఒక విద్యార్థిని తన పిన్ని సంతాన రొట్టె కథ రాసుకొచ్చింది. పిన్ని మాట తీరు, మధ్యలో ఆగి కొంగుతో కళ్లు తుడుచుకోవడం, మరిది వేళాకోళం, అన్నీ అందులో ఉన్నాయి. వాక్యాలు కొన్ని అతకలేదు. నేను పూర్తి మార్కులు వేశాను.

ఇక సమయం చాలదన్నావు. అది నిజమైన ఇబ్బంది. పేజీల సంఖ్య తగ్గించమని అడగండి, మేము తగ్గించాలి. ఇరవై పేజీలు అడిగి కాపీ కొట్టించడం కన్నా ఒక పేజీ సొంతంగా రాయించడం మేలు.

ట్రంకు రోడ్డు డీటీపీ (నెల్లూరు)

నాది టైపింగు, జిరాక్స్ షాపు. పరీక్షల ముందు అరచేతిలో ఇమిడేలా పుస్తకాన్ని చిన్నది చేసి జిరాక్స్ తీయమని వస్తారు. నేను తీయను. బోర్డు కూడా రాసి పెట్టాను. మిగతా పనులు చెబుతాను, అధ్యాపకులకు ఉపయోగపడవచ్చు.

సీనియర్ రాసిన ప్రాజెక్టు ఫైలు తెచ్చి 'అన్నా, పేరు, నంబరు మార్చి ప్రింటు ఇవ్వు' అంటారు. తెలుగు ప్రాజెక్టుల్లో ఇది ఎక్కువ. కారణం ఉంది. తెలుగు టైపింగు చాలా ఏళ్లుగా అను ఫాంట్లలో జరిగింది. అందులో తెరమీద తెలుగు కనిపిస్తుంది కానీ కంప్యూటరు లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే. యూనికోడ్ అలా కాదు, అందులో ప్రతి తెలుగు అక్షరానికి సొంత సంఖ్య ఉంటుంది. ఒకే పేరాను అనులో ఒకసారి, యూనికోడ్‌లో ఒకసారి కొట్టి పోల్చి చూస్తే కంప్యూటరుకు ఒక్క అక్షరం కూడా కలవదు. కాపీని పట్టుకునే సాఫ్ట్‌వేర్‌కు అను ఫైలు ఇస్తే అర్థంలేని అక్షరాల గుంపు కనిపిస్తుంది. పోలిక సున్నా శాతం అని కాగితం వస్తుంది. కొంతమంది ఆ కాగితాన్ని నిజాయితీకి రుజువుగా జతచేస్తున్నారు. యూనికోడ్‌లోనే ఫైలు ఇవ్వాలని కాలేజీలు పట్టుపడితే సగం సమస్య తీరుతుంది. మార్చడానికి కన్వర్టర్లు ఉన్నాయి. ఒత్తులు అక్కడక్కడా చెదిరితే సరిచేసుకోవాలి, అంతే.

పాకనాడు (తెలుగు పరిశోధక విద్యార్థి)

డీటీపీ అన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. దానికి తోడు, పాత సిద్ధాంత గ్రంథాలు (పరిశోధన పట్టా కోసం రాసేవి) చాలావరకు కాగితాన్ని ఫోటో తీసినట్టుగా, వాటిని భద్రపరిచే శోధగంగ వెబ్‌సైటులో ఉన్నాయి. బొమ్మలోని అక్షరాలను పోల్చడం సాఫ్ట్‌వేర్‌కు కష్టం. తెలుగులో పోలిక తక్కువ చూపించిందంటే అసలు వెతకగలిగిందా అని కూడా అడగాలి. చదివిన మనిషే పట్టుకోవాలి.

నిబంధనల గురించి చాలా అపోహలు ఉన్నాయి కాబట్టి నాలుగు మాటలు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో గ్రంథచౌర్యం మీద నిబంధనలు తెచ్చింది. సిద్ధాంత గ్రంథంలో పోలిక పది శాతం వరకు ఉంటే శిక్ష లేదు. పది దాటి నలభై వరకు ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. నలభై దాటి అరవై వరకు ఉంటే ఏడాది పాటు మళ్లీ సమర్పించే వీలుండదు. అరవై దాటితే నమోదే రద్దు. మూలం చెప్పి ఉటంకించిన భాగాలు, ఆధార గ్రంథాల పట్టిక, కృతజ్ఞతలు వంటివి ఈ లెక్కలోకి రావు. ఇది పీజీ, పరిశోధన స్థాయి గ్రంథాలకు. డిగ్రీ అసైన్‌మెంట్లకు కాలేజీ, విశ్వవిద్యాలయాల సొంత నియమాలే. పది శాతం దాకా దొంగిలించవచ్చని మా తోటివాళ్లే కొందరు అర్థం చేసుకున్నారు. అది ఘోరమైన పొరపాటు. అనుకోకుండా కలిసే మాటల కోసం ఇచ్చిన వెసులుబాటు అది.

బిట్రగుంట బండి

అలా అయితే ఎర్రన చేసింది ఏమిటి? నన్నయ వదిలేసిన అరణ్యపర్వాన్ని నన్నయ శైలిలో పూర్తిచేసి నన్నయ రాసినట్టుగానే రాజరాజనరేంద్రుడికి అంకితం ఇచ్చాడు కదా. భారతమే సంస్కృతం నుంచి తెచ్చుకున్నది. వాదన కోసం కాదు, నిజంగానే అడుగుతున్నాను.

పాకనాడు

మంచి ప్రశ్న. ఎర్రన మన గడ్డ మీద పుట్టిన కవి, గుడ్లూరు వాడు, అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్నాడు. కాబట్టి ఈ సందేహం మనకు తప్పకుండా రావాలి. గ్రంథచౌర్యంలో ఇంకొకరి శ్రమ మన పేరు కిందికి వస్తుంది. ఎర్రన తన శ్రమను ఇంకొకరి పేరు కింద పెట్టాడు. అదైనా దాచలేదు. అరణ్యపర్వం చివర పద్యంలో ఆ పర్వశేషాన్ని తాను పూరించానని, నన్నయ రచనే అనిపించేలా పూరించానని చెప్పుకున్నాడు. భారతం వ్యాసుడిదని నన్నయ, తిక్కన ఇద్దరూ చెప్పే మొదలుపెట్టారు. చదివేవాడికి ఏది ఎవరిదో తెలుస్తూనే ఉంది. మీరు కూడా గైడు నుంచి ఒక పేరా తీసుకుని, గైడు పేరు రాసి, దాని కింద 'ఇందులో నాకు నచ్చని విషయం ఇది' అని మూడు వాక్యాలు రాయండి. ఎవరూ తప్పుపట్టరు.

కనిగిరి నాన్న

అయ్యా, అమ్మా, నేను పదో తరగతితో ఆపేసినవాడిని. చీమకుర్తి క్వారీలో లోడింగు లెక్కలు చూస్తాను. మా అమ్మాయి డిగ్రీ మొదటి సంవత్సరం. ఇంట్లో ఇంగ్లీషు తెలిసినవాళ్లు లేరు. తను ఫోనులో చూసి రాస్తుందో, సొంతంగా రాస్తుందో నాకు తెలిసే దారి లేదు. తిడితే బాధపడుతుంది. అడగకపోతే నాకు నిద్ర పట్టదు. నా లాంటి తండ్రి ఏం చేయగలడో చెప్పండి.

పెన్నా తీరం

మీరు చేయగలిగింది చాలా ఉంది. తను ఇంగ్లీషులో రాసిన పేజీ తీసుకుని 'ఇందులో ఏముందో నాకు తెలుగులో చెప్పమ్మా' అనండి. ఫోను పక్కన పెట్టించి అడగండి. సొంతంగా రాసి ఉంటే, అర్థం చేసుకుని ఉంటే, చెబుతుంది. మీకు తోచిన ప్రశ్న అడగండి, తప్పని మొహమాటపడకండి. క్వారీలో రాయి కొలతల గురించి మీరు చెప్పింది తను ఇంగ్లీషులో రాస్తే, అది ఏ గైడులోనూ దొరకని వ్యాసం. మీకు ఇంగ్లీషు రాకపోవడం ఇక్కడ అడ్డం కాదు, మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే తను విషయాన్ని ముందు తాను పట్టుకోవాలి. అనుమానంతో కాకుండా, వినాలనే ఇష్టంతో అడగండి. ఆ తేడా పిల్లలు ఇట్టే గ్రహిస్తారు.

గుండ్లకమ్మ

అందరికీ ధన్యవాదాలు. నోటు పుస్తకం చూపించాను. మేడమ్ స్టాఫ్ రూములో కూర్చోబెట్టి వ్యాసం మీద ప్రశ్నలు అడిగారు. ఒక చోట తడబడ్డాను, తెలుగులో చెప్పి తర్వాత ఇంగ్లీషులో చెప్పాను. ఆమె మార్కులు మార్చారు, మిగతావాళ్లను కూడా ఇలాగే పిలుస్తానన్నారు. ఇప్పుడు నాకు వేరే సందేహం వచ్చింది. మా హాస్టల్లో నేను నలుగురికి ఇంగ్లీషు చెబుతుంటాను. వాళ్లు నా వ్యాసం చూపించమంటారు. చూపించకపోతే పొగరు అంటారు. చూపిస్తే నాలుగు కాపీలు తయారవుతాయి. ఏం చేయాలి?

వాడరేవు హిందీ (జూనియర్ కళాశాల హిందీ అధ్యాపకుడు)

మీ వ్యాసం ఇవ్వవద్దు, మీ సమయం ఇవ్వండి. వాళ్లను వాళ్ల వ్యాసం రాయమనండి, మీరు పక్కన కూర్చుని తప్పున్న వాక్యం కింద పెన్సిలుతో గీత గీయండి. సరిదిద్దకండి. ఏమి తప్పో వాళ్లే కనుక్కోవాలి. హిందీలో నా విద్యార్థులు ఎక్కువగా తడబడేది లింగం దగ్గర, 'నే' వాడకం దగ్గర. గీత గీసి వదిలేస్తే ఒకటికి రెండుసార్లు వెతుక్కుని పట్టుకుంటారు, ఆ తర్వాత ఆ తప్పు మళ్లీ చేయరు. నేనే దిద్ది ఇస్తే వచ్చే వారం అదే తప్పు తిరిగి వస్తుంది. మిమ్మల్ని పొగరు అన్నవాళ్లు పరీక్ష హాలులో మీ పక్కన ఉండరని కూడా నెమ్మదిగా చెప్పండి. అక్కడ చూపిస్తే చూపించినవాళ్ల మీద కూడా మాల్‌ప్రాక్టీస్ కేసు రాస్తారు. మన రాష్ట్రంలో పబ్లిక్ పరీక్షల అక్రమాల మీద 1997 నుంచి చట్టమే ఉంది.

కావలి తెలుగు

గుండ్లకమ్మా, సంతోషం తల్లీ.

ఒక విషయం మిగిలింది. యంత్రాన్ని పూర్తిగా నిషేధించాలని కొందరు అధ్యాపక మిత్రులు అంటున్నారు. నిషేధిస్తే పిల్లలు చాటుగా వాడతారు, ఎవరు ఎంత వాడారో ఎప్పటికీ తెలియదు. మా విభాగంలో ఈ సెమిస్టరు నుంచి ప్రతి అసైన్‌మెంటు చివర ఒక ప్రకటన రాయిస్తున్నాం. ప్రింటు తీసిన కాగితం ఒప్పుకోం, విద్యార్థి చేతిరాతతో ఉండాలి. చిత్తుప్రతి కూడా జతచేయాలి. సాయం తీసుకున్నట్టు రాసినందుకు మార్కులు తగ్గించబోమని ముందే మాట ఇచ్చాం, దాచినట్టు తేలితే మాత్రం ఆ పని మళ్లీ తరగతిలో కూర్చుని రాయాలి. మిగతా కాలేజీలవాళ్లు కావాలంటే తీసుకోవడానికి వీలుగా నమూనా ఇస్తున్నాను:

'ఈ వ్యాసంలో మొదటి పేరాలోని సమాచారం తెలుగు వికీపీడియా నుంచి తీసుకున్నాను. నాలుగు మాటలకు నిఘంటువు చూశాను. మూడో పేరాలో ఒక వాక్యం సరిగ్గా ఉందో లేదో ఫోనులో కృత్రిమ మేధను అడిగాను, అది చెప్పిన మార్పు నచ్చక నా వాక్యాన్నే ఉంచాను. ముగింపు మా స్నేహితురాలికి చదివి వినిపించాను. మిగతాది నేను రాశాను, అడిగితే ఏ వాక్యం గురించైనా చెప్పగలను.'